పడమటి పేటకు మేము పంపిన సంచులు

శాన్ ఆంటోనియో పట్టణమున మేము కాపురముండ నారంభించి పదునేడు సంవత్సరములైనది. ఇది టెక్సస్ రాష్ట్రములోని పెద్ద నగరములలో నొకటి. 2020 జనాభా లెక్కలనుబట్టి ఇందు పదునాలుగు లక్షలకు పైగా జనులుండగా, వారిలో సుమారు మూడింట రెండు వంతులవారు లాటినోలు. మా యింటి పైకప్పు వేసినవారు వారే. మా కోడలికి పురుడు పోసిన వైద్యురాలు వారిలోనిదే. మా ఆదాయపు పన్ను లెక్కలో తప్పు చూపి దిద్దించిన ఉద్యోగియు వారిలోనివాడే. అయినను మొదటి ఆరు సంవత్సరములలో వారి యిండ్లలో నొక్కదానిలోనైనను మేము పోయి కూర్చుండినవారము కాము. ఊరి వాయవ్యమున మన తెలుగువారి యిండ్లు వరుసగా నున్నవి, గుడి యున్నది, పచ్చళ్లును పప్పులును అమ్ము దుకాణమున్నది. ఆవల లోకమున్నదను స్మృతి లేకయే యిచ్చట ఒక జీవితకాలము గడపవచ్చును. మాలో ననేకులు గడపుచున్నారు.

లాటినోలనగా నెవరని మన దేశమునందలి బంధువులు మమ్ము తరచుగ నడుగుచుందురు. అమెరికా ఖండమున స్పానిషు భాష వ్యాపించిన దేశములనుండి వచ్చినవారికిని, వారి సంతతివారికిని ఈ దేశమున ఆ పేరు చెల్లుచున్నది. అది యొక జాతి పేరు గాదు. అందు తెల్లనివారు కలరు, నల్లనివారు కలరు, స్పెయిను దేశస్థులు రాకమునుపే ఆ నేలపై నుండిన ఆదిమ జనులు కలరు, వీరందరు కలియగా పుట్టినవారు కలరు. 2020లో దేశమంతట వారి సంఖ్య 6 కోట్ల 20 లక్షలు. వారందరు నిన్న మొన్న సరిహద్దు దాటి వచ్చినవారని మనలో చాలమంది తలంతురు. మేమును అట్లే తలంచితిమి. కాని యీ యూరు 1718లో స్పానిషువారు స్థాపించినది. టెక్సస్ మెక్సికోనుండి విడిపోయి 1845లో అమెరికాలో చేరినది. 1848 నాటి సంధితో సరిహద్దు దక్షిణమున రియో గ్రాండే నదికి స్థిరపడినది. ఈ పేటలలోని కొన్ని కుటుంబములవారు కూర్చున్న చోటనుండి కదలకయే దేశము మారినవారు.

ఆ సంధినిబట్టి మెక్సికనులు పౌరసత్వమున కర్హులని 1897లో ఈ యూరి ఫెడరల్ న్యాయస్థానమే తీర్పు చెప్పెను. ఆ కాలమున తెల్లవారికిని, ఆఫ్రికా సంతతివారికిని దప్ప అన్యదేశీయులకు పౌరసత్వము లేదు. 1923లో భగత్ సింగ్ థింద్ అను పంజాబు సోదరుని విషయమున, భారతీయుడు తెల్లవాడు కాడని సుప్రీంకోర్టు చెప్పివేసెను. కాబట్టి కాగితముమీద వారు మనకన్న నొక మెట్టు పైనుండిరి. కాగితము వెలుపలి సంగతి వేరు. ఇదే రాష్ట్రములో ఎడ్నా అను నూరి న్యాయస్థాన భవనమున మగవారికి రెండు మరుగుదొడ్లుండెడివి. ఒకదానిమీద ఏ వ్రాతయు లేదు. రెండవదానిమీద నల్లవారికని ఇంగ్లీషునను, మగవారి కిక్కడనని స్పానిషునను వ్రాసియుండెను. ఆ జిల్లాలో ఇరువదియైదు సంవత్సరములుగా మెక్సికన్ పేరుగలవా డొక్కడును జూరీలో కూర్చుండలేదు. ఇది యేమని యడిగినచో, మెక్సికనులు తెల్లవారే, జూరీవారును తెల్లవారే, ఇంక పక్షపాత మెక్కడిదని రాష్ట్రమువారు వాదించిరి! ఎంత చక్కని తర్కము! ఆ వ్యాజ్యమును సుప్రీంకోర్టువరకు నడిపిన గస్ గార్సియా, కార్లోస్ కడేనా అను న్యాయవాదులు ఈ యూరివారు. ఖర్చులకు ధనమిచ్చినవి వారి స్వజనుల సంఘములే. 1954 మే 3వ తేదీన న్యాయమూర్తులు ఏకగ్రీవముగా వారి పక్షమున తీర్పిచ్చిరి.

ఇవన్నియు మాకు తరువాత తెలిసినవి. 2014లో మాకేమియు తెలియదు. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో, బడులు తెరచు వేళ, మా తెలుగు సంఘమువారు పేదపిల్లల కేదైన చేయవలెనని సంకల్పించిరి. మే మప్పుడు ఆ సంఘమునకు కార్యదర్శులము. నలువది యైదు కుటుంబములవారు చందాలు వేసికొనగా నాలుగు వందల పుస్తకపు సంచులు కొంటిమి. ప్రతి సంచిమీదను సంఘము పేరును, దీపము బొమ్మయు అచ్చువేయించితిమి. పడమటి పేటలోని యొక బడికి కొనిపోయి, పిల్లలను వరుసగా నిలువబెట్టి యిచ్చితిమి. ఛాయాపటములు తీయించుకొంటిమి. మన స్త్రీలు పట్టుచీరలు కట్టుకొని వచ్చిరి. అంతయు వైభవముగనే జరిగినది.

ఆ బడిలో ముప్పది సంవత్సరములుగా చదువు చెప్పుచున్న యొక వృద్ధ ఉపాధ్యాయిని మమ్ము వాకిటివరకు సాగనంపుచు నిట్లనెను: "మీ సంచులు మంచివి. మీకు వందనములు. ఈ నెలలో మాకు సంచులు తెచ్చినవారిలో మీరు నాలుగవవారు. మా పిల్లల కిప్పుడు తలకు నాలుగు సంచులున్నవి. రసాయన శాస్త్రము చెప్పువారు లేక రెండవ సంవత్సరము. ఆ మాట అడుగుటకు మాత్రము ఎవ్వరును రాలేదు."

తిరుగు దారిలో బండిలో మా మిత్రుడొకడు "చూచితిరా అన్నగారూ, వీరికి కృతజ్ఞత లేదు" అనెను. మేమును ఔనంటిమి. ఔననుటయేగాక, ఆమె మాటను ఇంటికిపోయి రెండింతలు చేసి చెప్పితిమి. మా యింటి యామె విని, "నాలుగు సంచులున్న పిల్లవానికి అయిదవది యిచ్చి దండము పెట్టించుకొనుట మీకే చెల్లినది" అని వంటయింటిలోనికి పోయెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్కలు చూచుట మా వృత్తి. మరునాటినుండి ఆ పేట బడుల లెక్కలు చదువ మొదలిడితిమి. ఆ ప్రాంతమును ఎడ్జ్‌వుడ్ విద్యామండలమందురు. 1968 మే నెలలో అచ్చటి విద్యార్థులు తరగతులు విడిచి వీధిలోనికి వచ్చిరి. కిటికీలు పగిలినవి, పుస్తకములు చాలవు, అర్హతగల ఉపాధ్యాయులు లేరు అని వారి మొర. ఆ వేసవిలోనే తల్లిదండ్రులు కోర్టుకెక్కిరి. వారిలో మొదటి పేరు డెమెట్రియో రోడ్రిగెజ్. నౌకాదళములో పనిచేసి వచ్చి, విమాన స్థావరమున రేకుల పని చేసికొనువాడు. ఆ వ్యాజ్యములోని లెక్కలు మేము మరువజాలకున్నాము. ఆ మండలమున సుమారు ఇరువది రెండు వేలమంది పిల్లలు. నూటికి తొంబదిమంది మెక్సికన్ సంతతివారు. అచ్చటివారు నూరు డాలర్ల ఆస్తి విలువకు ఒక డాలరు అయిదు సెంట్లు పన్ను వేసికొనగా పిల్లవాని యొక్కనికి 26 డాలర్లు వచ్చినవి. అదే యూరిలో ధనికులుండు అలమో హైట్స్‌వారు 85 సెంట్లు మాత్రమే వేసికొనగా 333 డాలర్లు వచ్చినవి. అన్ని నిధులు కలుపగా అక్కడ పిల్లవానికి 594 డాలర్లు, ఇక్కడ 356. ఎక్కువ పన్ను కట్టినవాని బిడ్డకు తక్కువ చదువు! సోమరులకు చదువుమీద శ్రద్ధ లేదను మాట మన విందులలో నెన్నిమారులు వినియుంటిమో! శ్రద్ధకు కొలత పన్నే యైనచో, ఎవరికి శ్రద్ధ యున్నదో ఆ పట్టికయే చెప్పుచున్నది.

1973లో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, ఈ భేదము రాజ్యాంగ విరుద్ధము కాదని తీర్పు చెప్పెను. ఒక్క న్యాయమూర్తి మాట మారినచో దేశమందలి బీదబడుల గతియే మారియుండెడిది.

నీటి కథయు నిట్టిదే. 1921 సెప్టెంబరులో వరద వచ్చి ఈ యూర ఏబదిమందికి తక్కువగాక చనిపోయిరి. వారిలో పెక్కుమంది పడమటి పేట వాగుల ప్రక్క గుడిసెలలోనివారు. తరువాత ఆ దశాబ్దములోనే ఓల్మోస్ ఆనకట్ట కట్టిరి. అది ఊరి నడుమనున్న వ్యాపారవీధులను కాపాడినది. పడమటి వాగులు యథాప్రకారము పొంగుచునే యుండెను. 1974 ఆగస్టులో మరల నీరిండ్లలోనికి వచ్చినప్పుడు, క్రొత్తగా నేర్పడిన ఒక ప్రజాసంఘమువారు పురపాలక కార్యాలయపు పాత కాగితములు తిరుగవేయగా, తమ వీధి మురుగునీటి కాలువ 1945 నుండియు ప్రణాళికలో నున్నదనియు, త్రవ్వుట మాత్రము మరచిరనియు తెలిసినది. ఆ సంఘమును కాప్స్ అందురు. చర్చి మండలముల సభ్యత్వపు చందాలు దానికి మూలధనము. దానిని కూర్చినవాడు ఎర్నెస్టో కోర్టెస్; నడిపినవారిలో నెక్కువమంది గృహిణులు. వారు నగరసభలో నిలిచి అడిగిరి. కాలువలకు బాండ్ల ద్వారా నిధులు మంజూరైనవి.

మరుసటి సంవత్సరము వారు చేసిన పని వ్రాయక వదల మనసొప్పదు. ఊరి పెద్దలు తమ మాట వినకపోగా, ఈ యమ్మలు వందలకొలదిగా జోస్కీస్ అను పెద్ద బట్టల దుకాణమునకు పోయి, రోజెల్ల వెలగల దుస్తులు తొడిగి చూచుచు, ఏమియు కొనక మర్యాదగా తిరిగి తగిలించుచు వచ్చిరి. మరియొక దినమున బ్యాంకుకు పోయి వరుసలో నిలిచి, నోట్లిచ్చి సెంట్లు పుచ్చుకొనుట, మరల వరుసలో నిలిచి సెంట్లిచ్చి నోట్లు పుచ్చుకొనుట! ఒక్క దుర్భాష లేదు. ఒక్క రాయి లేదు. పెద్దలు మాటలాడుటకు వచ్చిరి. ఇట్టివారికి మేము దీపపు బొమ్మ సంచులు పట్టుకొని పోయితిమి.

ఇంకొక సంగతి. మన తెలుగువా రీ దేశమునకు వచ్చుటకు తలుపు తెరచినది 1965 నాటి వలస చట్టము. నల్లవారు దెబ్బలు తిని సాధించిన పౌరహక్కుల ఉద్యమపు పోటులోనే అదియు వచ్చినది. మన మార్కులు, మన యోగ్యతా పత్రములు తలుపు తెరచిన తరువాత పనికివచ్చినవి. తెరచిన చేతులు మనవి కావు. ఇది తెలిసిన పిమ్మట వారికిచ్చు ధనమును దానమని పిలుచుటకు మాకు నోరు రాకున్నది.

2017లో మేము సంఘమును ఒప్పించి వేరొక పద్ధతి నవలంబించితిమి. ఆ వృద్ధ ఉపాధ్యాయిని ద్వారా ఒక స్త్రీల బృందముతో పరిచయమైనది. వారొక చర్చి హాలులో రాత్రివేళ ఇంగ్లీషు పాఠములును, పౌరసత్వపు పరీక్షకు పాఠములును చెప్పుచుండిరి. దాని నాయకురాలు పగలు హోటలులో గదులు శుభ్రపరచు పని చేయు నలువదియేండ్ల స్త్రీ. సంవత్సరమునకు ఆరువేల డాలర్లు, మూడు సంవత్సరములు ఇచ్చెదమని మాట యిచ్చితిమి. ఏమి కావలెనని ఈసారి అడిగితిమి గూడ. ఆమె చెప్పిన జాబితా చూచి ఆశ్చర్యపడితిమి. పుస్తకములు కొంచెమే. తల్లులు చదువుచుండగా పిల్లలను చూచుకొను ఆయాకు జీతము, బస్సు టికెట్లు, హాలుకు అద్దె. పటములో పడునది ఒక్కటియు లేదు. సంఘములో కొందరు గొణిగిరి. అయినను ఇచ్చితిమి. మొదటి సంవత్సరాంతమున పదునొకండుగురు పౌరసత్వపు పరీక్షలో గెలిచిరి. మా యానందమునకు మేర లేదు.

రెండవ సంవత్సరము నడుమ వేరొక సంగతి బయలువెడలెను. ఆ స్త్రీలలో చాలమంది ఒకే అద్దెయిండ్ల సముదాయమున నుండెడివారు. గోడలకు బూజు, వేసవిలో చల్లని గాలి యంత్రములు పనిచేయవు, ఇక్కడి వేసవి మన రెంటచింతల వేసవికి తీసిపోదు. పిల్లలకు ఉబ్బసము. ఇంగ్లీషు నేర్చుకొన్న స్త్రీలు ఆ యింగ్లీషుతో మొదట వ్రాసినది ఇంటి యజమానులకు అర్జీ. జవాబు లేదు. అంతట వారు నగరసభకు పోయి మాటలాడిరి, పత్రికలో పడినది.

ఆ సముదాయమున వాటాలు గలవారిలో నొకరు మన తెలుగువారు. మా సంఘమునకు ఏటేట అందరికన్న నెక్కువ చందా నిచ్చువారు. మా కుమారుని వివాహమునకు ముందుండి నడిపినవారు. వారింటిలో మేమెన్నియో సంక్రాంతులు భోజనము చేసితిమి. ఆయన క్రూరుడు కాడు. ఆ యిండ్ల నాయన రెండు మారులకన్న నెక్కువ చూచియుండడు. మేనేజరు పంపు కాగితములు చూచును, అద్దె చూచును. ఈ దేశమున సొమ్ము చాలవరకు ఇట్లే పెరుగుచున్నది. కష్టపడి దాచిన సొమ్మును మనవారొక చోట పెట్టుదురు. ఆ చోట ఎవరి బిడ్డ దగ్గుచున్నదో వారికి వినబడదు. గోవును చంపి చెప్పులు దానము చేసినట్లను సామెతను చిన్ననాట మా యవ్వగారు చెప్పగా నవ్వితిమి. చంపినవానికి తాను చంపినట్లు తెలియకయే ఆ పని జరుగునని అప్పుడు తోచలేదు.

సంఘము కార్యనిర్వాహకవర్గము సమావేశమైనది. గట్టిగా నెవ్వరును మాటలాడలేదు. "మనము విద్యకిచ్చినాము గాని వీధి రాజకీయములకా?" అని యొకరనిరి. "లాభాపేక్ష లేని సంఘమునకు చిక్కులు రావా?" అని వేరొకరు. ఆ పెద్దమనిషి మౌనముగా కూర్చుండెను. చివరకు మూడవ సంవత్సరపు ధనము నిలిపివేయుటకు తీర్మానమైనది. లేఖ వ్రాయు భారము కార్యదర్శులగు మా మీద పడినది. మేము వ్రాసితిమి. సంఘపు ఆశయములు విద్యకు పరిమితములనియు, ప్రాధాన్యములు పునఃపరిశీలించుచున్నామనియు, వారి కృషిని మిక్కిలి గౌరవించుచున్నామనియు చక్కని యింగ్లీషులో వ్రాసి సంతకము చేసితిమి. కాదన్నవారము కాము.

పది దినములలో జవాబు వచ్చినది. రెండే వాక్యములు. అందినది, అర్థమైనది అని. దానితో రెండవ సంవత్సరపు జమాఖర్చులు, మిగిలిన 214 డాలర్ల 60 సెంట్లకు చెక్కు. లెక్కలో ఒక్క సెంటు తేడా లేదు. ముప్పది సంవత్సరములు లెక్కలు చూచిన మాకు అంత శుభ్రమైన పట్టిక కంటబడుట అరుదు.

ఆ చెక్కును బ్యాంకులో వేయక చాల దినములు బల్లసొరుగులో నుంచితిమి. ఆ కాలముననే, మా మనసునకు సమాధానము దొరకునేమోయని, పెద్ద దాతలీ పేటలకేమి చేసిరో చదువ నారంభించితిమి. సమాధానము దొరకలేదు, మా లేఖ దొరికినది.

1966లో ఈ యూరి న్యాయవాది పీట్ టిహెరీనా, ప్రమాదమున కాలు పోగొట్టుకొనిన యొక మెక్సికన్ అమెరికన్ స్త్రీ తరపున జోర్డాన్‌టన్ అను చిన్న యూర వాదింపబోగా, జూరీలో ఆమె వారొకడును లేకపోయెను. నల్లవారికి వ్యాజ్యములు నడుపుటకు న్యాయరక్షణ నిధి యున్నది. మనవారికేల లేదని యాయన బయలుదేరెను. నల్లవారి నిధికి పెద్దయగు జాక్ గ్రీన్‌బర్గ్ ఆయనను ఫోర్డు ఫౌండేషనువారికి పరిచయము చేసెను. ఇది గమనింపదగిన విషయము. ముందుగా మెట్టెక్కినవాడు వెనుకవానికి చేయి యిచ్చినాడు. 1968లో ఫోర్డువారు అయిదు సంవత్సరములకు 22 లక్షల డాలర్లిచ్చిరి. అందు రెండున్నర లక్షలు వారి పిల్లలు న్యాయశాస్త్రము చదువుకొనుటకు. మాల్డెఫ్ అని క్లుప్తముగా పిలువబడు ఆ సంస్థ శాన్ ఆంటోనియోలో వెలసెను.

అదే కాలమున ఫోర్డువారి ధనములో కొంత, సంఘమునుండి సంఘమునకు చేతులు మారి, మాయో అను యువజన సంఘమునకు చేరినది. ఆ పిల్లలు బడుల సమ్మెలు చేసిరి, ఘాటుగా మాటలాడిరి. ఈ యూరి కాంగ్రెసు సభ్యుడు, తానును మెక్సికన్ సంతతివాడేయగు హెన్రీ బి. గొంజాలెజ్, ఆ దాతలమీదను ఆ యువకులమీదను 1969లో నిప్పులు కురిసెను. కాంగ్రెసువారు ఆ సంవత్సరమే ధర్మసంస్థలకు పన్ను చట్టమున కళ్లెము బిగించిరి. ఓటర్ల నమోదుకు ధనమిచ్చుటపై కఠిన నిబంధనలు పెట్టిరి. ఫోర్డువారు జంకిరి. యువజనులకు ధనమాగినది. గృహనిర్మాణము, వ్యాపారము మొదలగు నిరపాయమైన పనులవైపు ధనమును మరలించిరి. మాల్డెఫ్ ప్రధాన కార్యాలయమును 1970లో శాన్ ఆంటోనియోనుండి దూరమున శాన్ ఫ్రాన్సిస్కోకు తరలింపజేసిరి. మొదలు పెట్టిన టిహెరీనా తప్పుకొనెను.

వారి లక్షల డాలర్లకును మా ఆరువేలకును పోలిక యేమని పాఠకులు నవ్వవచ్చును. భయము ఒక్కటే. పుచ్చుకొనువాడు చదువుకొన్నంతకాలము ముచ్చట. చదివినదానితో మాటలాడినప్పుడు ముచ్చట తీరిపోవును.

అయినను ఫోర్డువారిని గూర్చి న్యాయము చెప్పవలసియున్నది. వారు మాల్డెఫ్‌ను పూర్తిగ విడువలేదు. ధనము సంవత్సరముల తరబడి వచ్చుచుండినది. దాని ఫలమేమి? 1973లో ఆ సంస్థకు నాయకత్వము వహించిన విల్మా మార్టినెజ్ ఈ యూర పుట్టిన పిల్ల. టైలర్ అను నూరి విద్యాధికారులు, పత్రములు లేని కుటుంబముల పిల్లలు బడికి రావలెనన్నచో తలకు సంవత్సరమునకు వేయి డాలర్లు కట్టవలెనని నిర్ణయింపగా, మాల్డెఫ్‌వారు పోరాడి 1982లో సుప్రీంకోర్టున గెలిచిరి. బిడ్డ యే దారిని వచ్చినను బడి తలుపు తెరచియుండవలెను. వారే 1984లో ఎడ్జ్‌వుడ్ పక్షమున రాష్ట్ర న్యాయస్థానములలో మరల వ్యాజ్యము వేసిరి; 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మండుగురును ఏకముగ బడినిధుల పద్ధతి తప్పని తీర్పు చెప్పిరి. డెమెట్రియో రోడ్రిగెజ్ మొదటి అర్జీనుండి లెక్కించినచో ఇరువది యొక్క సంవత్సరములు! మూడు సంవత్సరముల దానము నిచ్చి, మూడవదానిని మింగిన మాబోటివారు ఆ సంఖ్యను చూచి తల వంచుకొనవలెను.

మన పాఠకులకు వీరేశలింగము పంతులుగారి చరిత్ర తెలిసినదే. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిగినప్పుడు ఊరు ఊరంతయు ఎదురు తిరిగినది. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారి ద్రవ్యసహాయము ఆ పనికే చేరినది. ఆ ధనముతో ఆయన బ్రాహ్మణ సంతర్పణలు చేసి పదిమందిచే మెప్పు పొందియుండవచ్చును. పంతులుగారి పేరు తలచుకొనుచు పెరిగిన మేము ఆ లేఖ వ్రాసితిమి గదా!

అన్నము పెట్టుట తప్పని మేమనము. 2020 ఏప్రిల్ 9వ తేదీన ఈ యూర ఆహారనిధివారు సరకులు పంచగా సుమారు పదివేల కుటుంబములు కార్లలో బారులు తీరిన దృశ్యమును దేశమంతయు పత్రికలలో చూచినది. ఆనాడు మేమును బియ్యపు సంచులు మోసితిమి. ఆకలి నాడు ఆశయములు మాటలాడరాదు. కాని యే పేటవారు ముందుగా వరుసలోనికి వచ్చిరో, ఏ పేటవారు ఇంటినుండి పని చేసికొనుచు సరకులు తెప్పించుకొనిరో కంటితో చూచిన తరువాత, బియ్యముతోనే సరిపెట్టుకొనుటయు కష్టమే.

ఇప్పటి దాతల తీరు గూర్చి నాలుగు మాటలు. 2020లో దేశ జనాభాలో లాటినోలు నూటికి సుమారు పందొమ్మిదిమంది. పెద్ద ధర్మసంస్థల ధనములో వారికని చేరునది నూటికి రెండు డాలర్లకు తక్కువ. 2021లో మెకంజీ స్కాట్ అను ధనవంతురాలు ఈ యూరి విశ్వవిద్యాలయమునకు 4 కోట్ల డాలర్లిచ్చి, ఎట్లు వాడుకొందురో మీరే నిర్ణయించుకొనుడనెను, అట్టి దాతలరుదు. మరియొక వైపు, నల్లజాతి స్త్రీల వ్యాపారములకు మాత్రమే యిచ్చు నొక సంస్థవారి ధనసహాయము చట్టవిరుద్ధము కావచ్చునని 2024 జూనులో అట్లాంటాలోని అప్పీలు న్యాయస్థానము తీర్మానించినది. జాతి యను మాట నుచ్చరింపవలెనన్నను సంస్థలు వెనుదీయుచున్నవి. పేరు చెప్పి యీయరానిచో పేటను చూచి యీయవచ్చును. బూజుపట్టిన గోడను చూచి యీయవచ్చును. ఇచ్చు మనసున్నవానికి దారి యుండకపోదు. లేనివానికి చట్టము మంచి మిష.

2021 ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చి టెక్సస్‌లో చాలచోట్ల విద్యుత్తు పోయినది. నీటి గొట్టములు పగిలినవి. మా యింటికి మూడవనాడు వెలుగు వచ్చినది. ఆ సముదాయమున గొట్టములు నెల దినములైనను బాగుపడలేదని విని, చెక్కు కాగితమును సొరుగునుండి తీసి జేబులో పెట్టుకొని, చర్చి హాలునకు పోయితిమి. సంఘమును కదలింప ప్రయత్నించి విఫలులమై, తొమ్మిది కుటుంబములవారము వేరుగా ఆరువేలు పోగుచేసికొంటిమి. కార్యదర్శి పదవి మానుకొంటిమి. ఆ పెద్దమనిషి మా యింటికి రాకపోకలు మానివేసెను. ఆ వెలితి యింకను మాకున్నది.

ఆమె మమ్ము గుర్తుపట్టి కుర్చీ చూపెను. నిందింపలేదు. "దీనికేమి షరతులు?" అని యడిగెను. లేవంటిమి. "మేమిప్పుడు న్యాయవాదిని పెట్టుకొన్నాము. ఈ ధనములో సగము ఆయనకే పోవును. మీ స్నేహితునికిది కష్టము కాదా?" అనెను. అగునంటిమి. ఆమె కొంతసేపు మా ముఖమువైపు చూచి, ప్రక్కనున్న పడుచును పిలిచి రసీదు వ్రాయుమనెను.

రసీదు స్పానిషులో నున్నది. బడిలో స్పానిషు చదువుకొనుచున్న మా మనుమడు ఇంటికి వచ్చిన తరువాత దానిని చదివి చెప్పెను. విరాళమను మాట దానిలో లేదు. తొమ్మిది కుటుంబముల పేర్లు, 6,000 డాలర్లు, దాని కెదురుగా "మూడవ సంవత్సరపు బకాయి, చెల్లినది" అని మాత్రము వ్రాసియున్నది.